లంబసింగి ఘాట్ రోడ్డు – ఎస్టిమేట్‌లో లేని లెక్క

డిసెంబరు వచ్చిందంటే చాలు, నర్సీపట్నం నుంచి పైకి కార్ల వరస మొదలవుతుంది. అర్ధరాత్రి బయల్దేరాలి, డౌనూరు దాటి ఘాట్ ఎక్కాలి, తెల్లారేసరికి లంబసింగి చేరాలి. చెరువులవేనం కొండ మీద నిలబడి కింద పరుచుకున్న మబ్బుల్ని చూడాలి, ఫోటోలు దిగాలి, చలిమంట దగ్గర టీ తాగాలి. రండి, సంతోషమే. మీరొస్తే మా వాళ్లకీ నాలుగు డబ్బులు. అయితే మీరు ఎక్కి వచ్చిన ఆ రోడ్డు గురించి ఓ మాట చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. పోస్టు పొడుగే. ఓపికున్నప్పుడు చదవండి.

రోడ్డు అనగానే మనకి రాయి, మట్టి, తారు గుర్తొస్తాయి. ఇంజనీరు గారి ఎస్టిమేట్‌లో కూడా అవే ఉంటాయి. కొండ ఇంత తవ్వాలి, మట్టి ఇంత పొయ్యాలి, కల్వర్టులు ఇన్ని, కూలి ఇంత. ఆ కూలి అన్న గడిలో ఓ అంకె ఉంటుంది. ఆ అంకె వెనక ఓ మనిషి ఉంటాడు. ఆ మనిషి తనంతట తాను పనికి వచ్చాడా, లాక్కొస్తే వచ్చాడా? చెప్పిన డబ్బు సాయంత్రానికి చేతిలో పడిందా? ఆ రోడ్డు తనకి పనికొస్తుందని నమ్ముతున్నాడా, తన మీదకే వస్తుందని భయపడుతున్నాడా? ఈ ప్రశ్నలకి ఎస్టిమేట్‌లో గడి ఉండదు.

ఆ గడి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన ఘాట్ రోడ్డు కన్నా పెద్ద ఉదాహరణ నాకైతే తెలీదు. వందేళ్ల కిందట ఈ రోడ్డు పనిలో కూలి సరిగా ఇవ్వకపోవడం, మనుషుల్ని పశువుల్లా తోలడం, రెండేళ్ల యుద్ధానికి ఒక కారణం అయింది. ఆ యుద్ధం పేరు మీ అందరికీ తెలుసు. మన జిల్లాకి పెట్టుకున్న పేరు కూడా ఆ యుద్ధం నడిపిన మనిషిదే.

ముందు ఆ రోజుల్లో ఈ కొండల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

అప్పట్లో ఇదంతా గూడెం ఏజెన్సీ. మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది. కొండ మీద ఊళ్లకి ముఠాదార్లు పెద్దలు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో తాతల నాటి నుంచి కొట్టుకుంటున్న పోడు నేరమైపోయింది. కట్టె కొట్టినా, పశువుని అడవిలోకి తోలినా అటవీ గార్డుకి జవాబు చెప్పుకోవాల్సిన రోజులు వచ్చాయి. అంతకు ముందే 1879లో రంప కొండల్లో తిరుగుబాటు జరిగి ఉంది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, మైదానం షావుకార్ల అప్పు పత్రాలు దానికి కారణాలు. ఆ తిరుగుబాటు అణచడానికి వచ్చిన సైన్యానికి తుపాకులతో పాటు దారి లేని కొండలూ, మన్యం జ్వరాలూ ఎదురయ్యాయి.

కాబట్టి రోడ్డు అనే మాట పైవాళ్లకి ఒక రకంగా వినపడింది, కొండ మీద వాళ్లకి ఇంకో రకంగా వినపడింది. కలెక్టరు ఆఫీసులో రోడ్డు అంటే కలప దిగడం, పన్ను వసూలు, పోలీసు తొందరగా చేరడం. కొండ ఊళ్లో రోడ్డు అంటే గార్డు తొందరగా రావడం, షావుకారు తొందరగా రావడం, పోలీసు తొందరగా రావడం. ఒకటే రోడ్డు. దాన్ని తవ్వమని పిలిచింది మాత్రం ఈ రెండో రకంగా విన్నవాళ్లని.

1920 తర్వాతి రోజుల్లో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పని జరిగింది. గూడెంలో డిప్యూటీ తాసీల్దారు పేరు బాస్టియన్. ఆ పేరు ఇప్పటికీ ఈ ప్రాంతంలో ముసలివాళ్ల నోట మంచిగా వినపడదు. కాంట్రాక్టరుతో కుమ్మక్కయ్యాడనీ, కూలీలకి రావలసిన కూలి రానివ్వలేదనీ, ఎదురు చెప్పినవాళ్లని కొరడాలతో కొట్టించాడనీ అల్లూరి సీతారామరాజు చరిత్ర రాసినవాళ్లు రాశారు. గూడెంలో బలవంతపు పని, తక్కువ కూలి ఆనాటి తిరుగుబాటుకి దగ్గరి కారణాల్లో ఒకటని ఆ కాలం మీద పరిశోధన చేసిన చరిత్రకారులూ చెబుతారు.

ఇక్కడ రైతుగా నాకు తోచే సంగతి ఒకటి చెప్తాను. చరిత్ర పుస్తకాల్లో దీనికి పెద్దగా చోటు ఇవ్వరు.

కొండ మీద రోడ్డు పని ఎప్పుడు చేస్తారు? వానాకాలంలో చెయ్యలేరు. తవ్విన మట్టి తవ్వినట్టే కిందకి జారిపోతుంది. అంటే చలి తగ్గిన దగ్గర్నుంచి తొలకరి దాకా చెయ్యాలి. మరి కొండ మీద మనిషికి ఆ నెలల్లో ఏం పని? పోడు కొట్టడం అప్పుడే. కొట్టిన చెట్టూ చేమా ఎండబెట్టి వేసవిలో కాల్చడం అప్పుడే. ఇప్పపువ్వు ఏరడం, చింతపండు దులపడం అప్పుడే. వాన పడే లోపు నేల సిద్ధం కాకపోతే ఆ ఏడాది గింజ లేదు. అంటే ఇంజనీరు క్యాలెండరూ రైతు క్యాలెండరూ ఒకే నెలల మీద వచ్చి పడ్డాయి. అక్కడ మనిషిని రోడ్డు మీదకి లాక్కుపోతే అతనికి పోయేది ఒక్క రోజు కూలి కాదు, ఏడాది తిండి. ఆ పైన ఆ రోజు కూలి కూడా సగంలో ఎవరో తినేస్తే?

అప్పటి అధికారుల్లో చాలామందికి కొండ మనిషి అంటే సోమరి, పనికి పిలిస్తే రాడు, వచ్చినా నిలబడడు అన్న మాట ఒకటి అలవాటుగా ఉండేది. ఆ మాట ఇప్పటికీ కొందరి నోట వింటూనే ఉన్నాం. సొంత చేను పాడు చేసుకుని, దెబ్బలు తిని, కూలి రాని పనికి ఉత్సాహంగా వచ్చే మనిషి ఏ దేశంలో ఉంటాడో వాళ్లే చెప్పాలి.

ఇంకో సంగతి. ఘాట్ రోడ్డుకి మొదటి శత్రువు నీళ్లు. కొండ వైపు కాలవ సరిగా తవ్వాలి, అది పూడకుండా చూడాలి, తూములు సరైన చోట పెట్టాలి, లోయ వైపు రాతి గోడ బిగించి కట్టాలి, పోసిన మట్టిని దిమ్మిస గట్టిగా కొట్టాలి. ఇవన్నీ కంటికి కనపడని పనులు. పైన గ్రావెల్ పరిచేశాక లోపల మట్టి ఎంత కుదించారో ఎవరికి తెలుస్తుంది? కొట్టిన మనిషికి తెలుస్తుంది. రెండో వానకి కొండకీ తెలుస్తుంది. మేస్త్రీ కళ్లెదుట ఉన్నంతసేపు దిమ్మిస లేస్తుంది, మేస్త్రీ అటు తిరగ్గానే ఆగిపోతుంది. కొరడాతో మనిషిని పనిలో నిలబెట్టొచ్చు. పని మీద మనసు పెట్టించలేం. కాఫీ తోటలో పండు కోయించే ఏ రైతుని అడిగినా ఇది చెప్తాడు. సాయంత్రానికి లెక్క చూసి డబ్బు చేతిలో పెడితే మర్నాడు ఎర్రపండు ఒక్కటే కోస్తారు. ఎగ్గొట్టే రైతు తోటలో పచ్చికాయ, కొమ్మ, ఆకు అన్నీ కలిసి బస్తాలోకి వస్తాయి.

సరే, మళ్లీ చరిత్రలోకి వద్దాం.

అల్లూరి సీతారామరాజు నేరుగా తుపాకీ పట్టుకుని వచ్చేశాడని సినిమా చూసినవాళ్లు అనుకుంటారు. అలా జరగలేదు. ముందు ఫిర్యాదు జరిగింది. కూలీల తరఫున బాస్టియన్ మీద పై అధికారులకి రాజు ఫిర్యాదు చేశాడు. ఏ చర్యా లేదు. పైగా ఆయన మీదే నిఘా పెట్టారు. నర్సీపట్నంలో కొన్నాళ్లు కట్టడిలో ఉంచారు. మన్యానికి దూరంగా ఉంటాడని పైడిపుట్టలో భూమి కూడా ఇప్పించారు. ఇటు బట్టిపనుకుల మునసబుగా చేసిన గాం గంటందొర, తమ్ముడు గాం మల్లుదొరలకి కూడా బాస్టియన్‌తో భూమి తగాదా ఉంది. ఆ అన్నదమ్ములు రాజుకి కుడిఎడమలుగా నిలబడ్డారు.

ఈ ఫిర్యాదు సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. కొరడా దెబ్బ తిన్న మనిషి కూడా మొదట కాగితం మీద చెప్పుకుందాం అనే అనుకున్నాడు. ఆ కాగితాన్ని ఒక్క అధికారి సరిగా చదివి, కూలి లెక్క తెప్పించుకుని, కాంట్రాక్టరుని నిలదీసి ఉంటే? అటవీ చట్టం మీద కోపం పోయేది కాదు, పోడు మీద గొడవ పోయేది కాదు, నిజమే. కానీ ఈ రోడ్డు ఆ మంటకి ఎండుకట్టె అయ్యేది కాదు. ఏ పనిలోనైనా కింద జరిగే తప్పు పైకి తెలిసే దారి ఒకటుండాలి. ఆ దారి మూసేస్తే తప్పు సర్దుకోదు, ఇంకో దారిలో బయటికొస్తుంది.

అది 1922 ఆగస్టు 22న బయటికొచ్చింది. ఆ రోజు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు తీసుకెళ్లారు. ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషను రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడని చెప్పుకుంటారు. రోడ్డు కూలీల మస్టర్లో దొంగ లెక్కలు రాసిన చోట, దాడి చేసినాయన సరైన లెక్క రాసి వెళ్లాడు.

ఇక అక్కడి నుంచి ప్రభుత్వం పోలీసుల్ని దింపింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు బలగంతో వస్తుంటే పైనుంచి కాపు కాశారు. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చి ఆ ఇద్దరినీ కాల్చారు. ఇందులో ఇంజనీర్లు తెలుసుకోవలసింది కూడా ఒకటుంది. ఘాట్ దారి అంటే ఒకే వరసలో, ఒకే వేగంతో, ఒకే వంపు దగ్గర అందరూ తిరగాల్సిన చోటు. ఆ వంపు, ఆ రాయి, ఆ పొద సంగతి అక్కడ పుట్టినవాళ్లకి తెలిసినట్టు మ్యాపు చూసి వచ్చినవాళ్లకి తెలీదు. కొండ దారి ఎవరికి బలం అవుతుందో దాని వెడల్పు చెప్పదు. ఆ చుట్టుపక్కల ఊళ్లు ఎవరి పక్కన ఉన్నాయో అదే చెబుతుంది. ఊళ్లు రాజు పక్కన ఉన్నాయి. పోలీసుల కదలిక ముందే ఆయనకి తెలిసేది. ఆయన ఎక్కడున్నాడో పోలీసులకి నెలల తరబడి తెలిసేది కాదు.

మలబారు పోలీసుల్ని తెచ్చారు. తర్వాత 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ని దింపారు. ఊళ్ల మీద జరిమానాలు, ధాన్యం దొరక్కుండా కట్టడి, కొట్టడం, కాల్చడం అన్నీ జరిగాయి. 1924 మే 7న సీతారామరాజుని పట్టుకుని కొయ్యూరు దగ్గర కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అదే ఏడాది గంటందొర కూడా కాల్పుల్లో పోయాడు. మల్లుదొర పట్టుబడి ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి బయటికొచ్చాడు. 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి గెలిచాడు. ఒకప్పుడు ఏ ప్రభుత్వం తాసీల్దారు ఆయన భూమి మీద పడ్డాడో, ఆ ప్రభుత్వం పోయాక ఈ దేశపు చట్టాలు చేసే సభలో ఆయన కూర్చున్నాడు.

ఈ రెండేళ్లలో తిరుగుబాటు అణచడానికి మద్రాసు ప్రభుత్వానికి 40 లక్షల రూపాయల పైనే ఖర్చయిందని పుస్తకాల్లో ఉంది. ఆనాటి 40 లక్షలు! రోడ్డు కూలీల దగ్గర మింగిన అణాలు ఎన్ని పోగేస్తే అంత అవుతాయి? ప్రాణాలకి లెక్క కట్టలేం, డబ్బు లెక్కలోనే చూసినా ఇంతకన్నా నష్టం బేరం ఇంకోటి ఉంటుందా?

ఇదంతా తెల్లదొరల కాలం అన్యాయం, అంతే కదా అంటారేమో. కాదండి. ఇది రోడ్డు కట్టే శాస్త్రంలోనే ఉన్న సంగతి. దీనికి ఎక్కడో దూరాన ఫ్రాన్స్‌లో జరిగిన ముచ్చట ఒకటి చెప్తాను.

అక్కడ కూడా 18వ శతాబ్దంలో రోడ్లకి వెట్టి ఉండేది. ఊళ్లలో రైతుల్ని ఏడాదిలో కొన్ని రోజులు, వసంతంలో ఒకసారి, శరత్కాలంలో ఒకసారి, జీతం లేకుండా రోడ్డు పనికి తోలేవాళ్లు. మళ్లీ రైతుల్ని పిలిచేదాకా రోడ్డు ముఖం చూసే నాథుడు ఉండడు. గుంట పడితే ఆ గుంట ఆరు నెలలు పెరుగుతూనే ఉంటుంది. అందుకని ఇంజనీర్లు ఏం చేసేవాళ్లంటే, ఆరు నెలల అరుగుదలకి తట్టుకునేలా రాయి దట్టంగా పోయించేవాళ్లు. అడుగున్నర మందం. దానికి మళ్లీ అంత రాయి కొట్టాలి, మొయ్యాలి. అది కూడా వెట్టే.

లిమోజ్ అనే ప్రాంతానికి టర్గో అనే ఆయన పాలనాధికారిగా వచ్చాడు. 1760ల్లో ఆయన అక్కడ రోడ్డు వెట్టి తీసేసి, దాని బదులు పన్ను వసూలు చేసి, కూలి ఇచ్చి పని చేయించాడు. ఆ ప్రాంతంలో రోడ్ల ఇంజనీరు పేరు ట్రెసాగే. ఇప్పుడు కూలి మనుషులు ఏడాది పొడుగునా దొరుకుతున్నారు కాబట్టి ఆయన రోడ్డునే మార్చేశాడు. మందం పది అంగుళాలకి దించాడు. కింద పెద్ద రాళ్లు నిలువుగా పేర్చి, పైన చిన్న రాయి గట్టిగా పరిచాడు. నీళ్లు నిలవకుండా వాలు ఇచ్చాడు. గుంట చిన్నగా ఉండగానే పూడ్చడానికి రోజూ చూసే మనుషుల్ని పెట్టాలన్నాడు. రోడ్ల ఇంజనీరింగు చదువుకునే పిల్లలు ట్రెసాగే పేరు పుస్తకంలో మొదటి పాఠాల్లోనే చదువుతారు. రాళ్ల వరసలు బట్టీ పడతారు. అంత పల్చటి రోడ్డు ఎందుకు నిలిచిందో మాత్రం చాలామందికి చెప్పరు. కూలి చేతికి అందింది కాబట్టి నిలిచింది. మనిషితో వ్యవహారం మారితే రోడ్డు మందమే సగానికి దగ్గరగా తగ్గింది! టర్గో తర్వాత మంత్రి అయి 1776లో దేశమంతా ఆ వెట్టి రద్దు చేశాడు. పెద్దలు ఒప్పుకోలేదు. ఆయన పదవి పోయింది, వెట్టి మళ్లీ వచ్చింది. అది 1789 విప్లవం దాకా పోలేదు.

అంత దూరం ఎందుకు, మన గోదావరి చూడండి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. అదీ తెల్లవాళ్ల ప్రభుత్వమే, అదే మద్రాసు. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న పేరు కొందరికే తెలుసు. వేలమంది కూలీల్ని కూడగట్టడం, వాళ్లకి వారం వారం కూలి అందేలా చూడటం వీరన్న చేతి మీద జరిగిందని చెబుతారు. ఆనకట్ట లేచింది, డెల్టా పండింది, కాటన్ దొర విగ్రహానికి ఇప్పటికీ రైతులు దండ వేస్తారు. ఇటు మన కొండ మీద బాస్టియన్ పేరు తలుచుకునేవాడు లేడు. ఇద్దరూ ఒకే సర్కారు మనుషులే. కూలి మనిషిని చూసిన చూపు వేరు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం.

మన జిల్లాలో ఇప్పటికీ రోడ్డు లేని కొండ ఊళ్లున్నాయి. నెలలు నిండిన ఆడపిల్లని డోలీలో మోసుకొస్తున్న ఫోటోలు మీరు ఏటా చూస్తూనే ఉన్నారు. ఇంకో రకం వార్తలు కూడా వస్తుంటాయి, వాటిని జనం అంతగా పట్టించుకోరు. అధికారుల చుట్టూ తిరిగి తిరిగి విసిగి, ఊరివాళ్లే చందాలు వేసుకుని, ఇంటికో మనిషి పలుగూ పారా పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ మట్టి రోడ్డు వేసుకున్న వార్తలు. ఈ ఏజెన్సీలో ఇలా చాలా ఊళ్లు చేశాయి.

ఒక్కసారి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వందేళ్ల కిందట కొరడా పెట్టి కొట్టినా రోడ్డు పనికి రాని సోమరులు అన్నారే, ఆ మనుషుల మనవలే, మునిమనవలే ఇవాళ ఎవరూ పిలవకుండా, ఎవరూ కూలి ఇవ్వకుండా, తమ డబ్బే పెట్టుకుని కొండ తవ్వుతున్నారు. అదే జాతి, అదే కొండ, అదే పలుగు. ఆనాటి రోడ్డు తమ మీదకి వచ్చేది. ఈనాటి రోడ్డు తమ ఊరి తల్లీబిడ్డని ఆస్పత్రికి తీసుకెళ్లేది. తేడా అక్కడుంది. సోమరితనం అన్న మాట ఇక ఎవరూ అనకూడదని నా మనవి.

అయితే ఊరివాళ్లు వేసుకున్న రోడ్డుకి లోపం లేదా అంటే ఉంది. తూములు ఉండవు, కొండ కాలవ లెక్క ఉండదు, వాలు ఎక్కువ. మామూలుగా కొండ రోడ్డు 20 అడుగులు ముందుకెళ్తే 1 అడుగు ఎక్కేలా వెయ్యాలంటారు. మన కాలిబాటలు అలా ఉండవు, నిటారుగా పోతాయి. కాలిబాట మీదే రోడ్డు వేసేస్తే మొదటి రెండు వానలకి కోసుకుపోతుంది. అక్కడ ఇంజనీరు కావాలి. ఇంజనీరుకి ఊరు కావాలి. ఏ గెడ్డ ఏ నెలలో ఎంత ఎత్తు పొంగుతుందో, ఏ వాలు మూడేళ్లకోసారి జారుతుందో పశువులు కాసే పిల్లాడికి తెలుసు. వాణ్ని అడిగి తూము పెడితే అది నిలుస్తుంది. అడక్కుండా పెడితే నీళ్లు ఓ పక్క, తూము ఇంకో పక్క.

వేసిన రోడ్డుని మనుషులు ఎలా వాడతారన్నది కూడా ముందే ఆలోచించాలి. ఘాట్‌లో వంపు వంపుకీ తిరగడం నడిచేవాళ్లకి చుట్టు. అందుకని వంపుల మధ్య అడ్డంగా దిగిపోతారు. రోజూ అదే చోట దిగితే అక్కడ బాట పడుతుంది, వానకి ఆ బాట కాలవ అవుతుంది, ఆ కాలవ కింద రోడ్డు అంచుని కొరుకుతుంది. తప్పు నడిచినవాళ్లదా? బరువు నెత్తిన పెట్టుకుని సంతకెళ్లే ఆడమనిషి దగ్గర దారి చూసుకోదా? అక్కడ నాలుగు రాతి మెట్లు కట్టేస్తే ఆమెకీ సుఖం, రోడ్డుకీ సుఖం.

మన పర్యాటకుల సంగతీ అంతే. పొగమంచులో పదడుగుల ముందు ఏముందో కనపడదు. రోడ్ల లెక్కల్లో డ్రైవరు ఎదురుగా ఉన్నది చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు పెట్టడానికి 2.5 సెకన్లు పడుతుందని లెక్క వేస్తారు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో ఆ రెండున్నర సెకన్లలో బండి దాదాపు 28 మీటర్లు పోతుంది. ఇంకా బ్రేకు పడలేదు! రెండు బస్సుల పొడవు కన్నా ఎక్కువ. కనపడేది మూడు మీటర్లయినప్పుడు ఆ లెక్క ఏమవుతుంది? రాత్రంతా నిద్ర లేకుండా వచ్చిన డ్రైవరుకి 2.5 సెకన్లు సరిపోతాయా? అందుకే చెప్తున్నా, మంచులో నెమ్మదిగా రండి. వంపు మీద ఆపి ఫోటో దిగొద్దు. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, ఇది చట్టం కూడా. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, బ్రేకు తొక్కుతూ దిగితే అది కాలిపోతుంది.

ఇప్పుడు రాజమండ్రి వైపు నుంచి రాజవొమ్మంగి, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి మీదుగా పాడేరు, అరకు వైపు పెద్ద జాతీయ రహదారి వచ్చింది. ఆ పేర్లు మళ్లీ ఒకసారి చదవండి. 1922లో దాడి జరిగిన రెండు స్టేషన్లూ, రాజుని కాల్చిన ఊరూ, కూలి ఎగ్గొట్టిన ఘాటూ, అన్నీ ఒకే దారి మీద ఉన్నాయి. రోడ్డు రావాలి. మా కాఫీ, మిరియం, పసుపు, స్ట్రాబెర్రీ పాడవకుండా దిగాలంటే మంచి రోడ్డు కావాలి. నేను రోడ్డు వద్దనే మనిషిని కాను.

నేను అడిగేవి మూడే. ఒకటి, ఏ కొండ ఊరికి రోడ్డు వేసినా గుర్తు రాళ్లు పాతకముందే ఊళ్లో కూర్చుని అడగండి, నీళ్ల దారీ, నడక దారీ వాళ్లనే చూపించమనండి. రెండు, పనికి ఆ ఊరివాళ్లనే పెట్టుకోండి, పొలం పని లేని రోజులు చూసి పెట్టుకోండి, కూలి మధ్యవాళ్ల చేతుల్లో కరగకుండా నేరుగా వాళ్లకే చేరనివ్వండి. మూడు, రోడ్డు అయిపోయాక కాలవలు తియ్యడానికి, గుంటలు చిన్నగా ఉండగానే పూడ్చడానికి ఊరికి ఇద్దరు గ్యాంగ్ కూలీల్ని ఏడాది పొడుగునా ఉంచండి. ట్రెసాగే 250 ఏళ్ల కిందట చెప్పింది ఇదే. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు, ప్రతి రెండేళ్లకీ రోడ్డు కొత్తగా వేసే ఖర్చు ముందు ఏ మూలకీ రాదు.

ఇంకో చిన్న కోరిక. సీతారామరాజు పేరు జిల్లాకి ఉంది, విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఆ ఘాట్ తవ్వి కూలి రాక వెళ్లిపోయిన వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా, మా తాత ఆ రోడ్డు పనికి వెళ్లాడట అని చెప్పి ఉంటే, ఏ ఊరు, ఏం చెప్పేవాళ్లు, కింద రాయండి. లంబసింగి, చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి వైపు వాళ్లు ముఖ్యంగా. ఇంట్లో ముసలివాళ్లు ఉండగానే అడగండి.